అక్కచెల్లెళ్ల కథలు తిరగరాయడం: అపోహలు - వాస్తవాలు

పాత నవలల్లోని కుటుంబాల్ని ఇప్పటి హైదరాబాద్ ఇళ్లలోకి తెచ్చి ఆడియో సీరియళ్లుగా తిరగరాయడం నా పని. ఎక్కువగా అక్కచెల్లెళ్ల కథలే. "అంటే కాపీయేగా?" అని మా పిన్ని దగ్గర్నుంచి అందరూ అడిగేశారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇదంతా ఓటీటీలతో వచ్చిన కొత్త ఫ్యాషన్.

తెలుగు నవల నడక నేర్చిందే ఇలా. 1878లో కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్ర' మొదలుపెట్టినప్పుడు ఆయన ముందున్నది గోల్డ్‌స్మిత్ 1766లో వేసిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'. అక్కడ ఉన్నదంతా పోగొట్టుకున్న పాదిరి, ఆయన కూతుళ్లు. ఇక్కడ ధవళేశ్వరంలో రాజశేఖరుడు, రుక్మిణి, సీత. కానీ బంగారం చేసిపెడతానని ఇంట్లో దిగే బైరాగి ఉన్నాడే, అతను అచ్చంగా మనవాడు.

అపోహ: పేర్లు, ఊళ్లు మారిస్తే పనైపోతుంది.

తంటా అంతా దీంతోనే. లూయీసా మే ఆల్కాట్ 'లిటిల్ విమెన్'లో తండ్రి జబ్బుపడితే, తల్లి ప్రయాణానికి డబ్బు కావాలని రెండో అమ్మాయి జో తన పొడవాటి జుట్టు అమ్మి పాతిక డాలర్లు తెస్తుంది. ఇంట్లో అందరూ గతుక్కుమంటారు. మొదటిసారి నేను ఆ సీన్‌ని ఉన్నదున్నట్టు నల్లకుంటలో దింపాను. జుట్టు లేకుండా మా అమ్మాయి గేటు తీసుకుని వస్తుంది, అక్కకి నోట మాట రాదు. రికార్డింగులో అక్క పాత్ర వేస్తున్న ఆవిడ స్క్రిప్టు పక్కన పెట్టి, "ఏమ్మా, తిరుపతి ఎప్పుడు వెళ్లొచ్చావ్? లడ్డూ ఏదీ?" అంది. స్టూడియోలో ఒకటే నవ్వులు. నాకు ఒళ్లు మండింది గానీ ఆవిడన్నది నిజమే. మనకి గుండు అంటే మొక్కు. నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడైతే మరీను. అమ్ముకోవడం అంటారా, జుట్టుకి స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు మన వీధుల్లో తిరుగుతూనే ఉంటారు.

అసలు ఆ సీన్లో ఉన్నది జుట్టు కాదు. తనకి గర్వంగా ఉన్న ఒకే ఒక్కదాన్ని ఎవర్నీ అడక్కుండా అమ్మేయడం, ఆ రాత్రి చాటుగా ఏడవడం. చివరికి మా అమ్మాయి చేత స్కూటీ అమ్మించాను. అమ్మినట్టు ఎవరికీ చెప్పదు. హెల్మెట్ చేత్తో పట్టుకుని బస్సు దిగుతుంది, అంతే.

అపోహ: పాత పుస్తకమే కదా, ఎలాగైనా వాడుకోవచ్చు.

ఆల్కాట్ 1888లో పోయింది కాబట్టి మూలంతో ఇబ్బంది లేదు. మన చట్టంలో కాపీరైటు రచయిత పోయాక 60 ఏళ్లు. కానీ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న తెలుగు అనువాదానికి విడిగా హక్కులు ఉండొచ్చు, చూసుకోవాలి.

అపోహ: ముగింపు మార్చడం రచయిత్రికి ద్రోహం.

ఆ ముగింపు ఆల్కాట్‌కే ఇష్టం లేదు. తనలాగే జోకి కూడా పెళ్లి లేకుండా ఉంచాలనుకుంది. 1868లో మొదటి భాగం చదివిన అమ్మాయిలు పెళ్లెవరితో అని ఉత్తరాలు రాశారు. పక్కింటి కుర్రాడు లారీకి మాత్రం ఇవ్వనని మొండికేసి, రెండో భాగంలో నడివయసు జర్మన్ ప్రొఫెసర్‌ని తెచ్చి కట్టబెట్టింది. నాకైతే అందులో కాస్త కసి కూడా కనిపిస్తుంది.

అపోహ: ఆస్తి మగవాళ్లకే పోయే కథలు ఇప్పుడు చెల్లవు.

జేన్ ఆస్టిన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' (1813)లో అయిదుగురూ ఆడపిల్లలే కాబట్టి ఇల్లు తండ్రి తర్వాత ఓ చుట్టానికి పోతుంది. ఆ భయం తీసేస్తే తల్లి పెళ్లిళ్ల తొందర ఉత్త చాదస్తంగా మిగులుతుంది. ఇప్పుడైతే వీలునామాతోనో, ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చాక తూర్పు ముఖం ఫ్లాట్ ఎవరికన్న గొడవతోనో కథ లాగొచ్చు. కానీ నాకు నచ్చిన ముడి మన చట్టంలోనే దొరికింది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకీ పుట్టుకతో హక్కు ఇచ్చారు. అప్పటికే పెళ్లయినవాళ్లకి కాదు. 2005లో కేంద్ర చట్టం మారేదాకా వాళ్ల సంగతి అంతే.

ఇప్పుడు రాస్తున్నది అదే. చిక్కడపల్లిలో తాతల నాటి ఇల్లు, 1992, పంపకాలు. తమ్ముడికీ చెల్లెలికీ వాటాలు వచ్చాయి. అక్కకి చీర పెట్టారు. ఆవిడ పెళ్లి 1985 మేలో. నాలుగో ఎపిసోడ్‌లో పాత శుభలేఖ తీసి తేదీ చూసుకుంటుంది. అప్పుడు ఆవిడ చేత ఏమనిపించాలో వారం నుంచి తేలడం లేదు. ప్రస్తుతానికి శుభలేఖని మళ్లీ బీరువాలో పెట్టించేశాను.