కాక్‌పిట్‌లో హెచ్చరిక మోగితే: అపోహలు - వాస్తవాలు

బెంగళూరు కేంద్రంగా ఎయిర్‌బస్ ఎ320 నడుపుతాను. మారతహళ్లిలో మన తెలుగువాళ్లు ఎవరు భోజనానికి పిలిచినా, పెరుగన్నం వడ్డించేసరికి గాల్లో ఏదైనా చెడితే పైలట్లు ఏం చేస్తారన్న ప్రశ్నలే వస్తాయి.

అపోహ: ఇంజిన్ ఆగిన క్షణంలోనే పైలట్ చకచకా స్విచ్‌లు నొక్కాలి.

వాస్తవం: నొక్కకుండా ఆగడమే మాకు నేర్పేది. నేల వదిలాక ఇంజిన్ పోతే, 400 అడుగుల ఎత్తు దాటేదాకా విమానాన్ని అదుపులో ఉంచుతాం, చక్రాలు లోపలికి తీసుకుంటాం, హెచ్చరిక మోత ఆపుతాం. అంతే. కెంపేగౌడ విమానాశ్రయం సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉంది కనుక, ఇక్కడ ఎత్తు చూపే మీటరు 3,400 అడుగులు చూపేదాకా ఇంకేదీ ముట్టుకోం.

ఆ తర్వాతా తొందరపడం. ఒకరు నడుపుతారు, ఒకరు చెక్‌లిస్ట్ చదువుతారు. ఇంజిన్ ఆపే మీట మీద చేయి పెట్టి, ఇదేనా అని అడగాలి. పక్కవారు కళ్లారా చూసి అవునన్నాకే కదపాలి. చూసేవారికి చాదస్తం, కానీ కారణం ఉంది. 1989 జనవరిలో ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్ దగ్గర కూలిన బోయింగ్ 737లో పైలట్లు చెడిన ఇంజిన్‌ను వదిలేసి, బాగున్నదాన్ని ఆపేశారు. 47 మంది చనిపోయారు.

అపోహ: మైకులో వెంటనే చెప్పలేదంటే ఏదో దాస్తున్నారు.

వాస్తవం: ముందు విమానం, తర్వాత దారి, ఆ తర్వాతే మాటలు. ఏటీసీ (నేల మీది విమాన నియంత్రణ కేంద్రం) పిలిచినా ఒక్కోసారి ‘ఆగండి’ అనే అంటాం. ప్రయాణికులకన్నా ముందు క్యాబిన్ సిబ్బందికి చెబుతాం: ఏమైంది, ఎంత సమయం ఉంది, దిగాక అందరినీ ఖాళీ చేయించాలా.

అపోహ: ఆటోపైలట్ తీసేసి చేత్తో నడిపితేనే మొనగాడు.

వాస్తవం: సినిమాల్లో. అది పనిచేస్తుంటే వేసే ఉంచుతాం. ఆలోచించడానికి తీరిక దొరుకుతుంది.

అపోహ: ఎంత త్వరగా దిగితే అంత క్షేమం.

వాస్తవం: మంటలో, ఆరని పొగలో నిజమే. అప్పుడు చెక్‌లిస్ట్ సగంలో ఉన్నా దిగే ప్రయత్నమే చేస్తాం. అన్నిటికీ అది కుదరదు. 2010 నవంబరులో సింగపూర్ నుంచి బయల్దేరిన క్వాంటాస్ సంస్థ ఎ380 విమానంలో ఒక ఇంజిన్ పేలి, ముక్కలు రెక్కను చీల్చుకుపోయాయి. ఏవి పనిచేస్తున్నాయో, ఏవి లేవో తేల్చుకోవడానికే పైలట్లకు దాదాపు 50 నిమిషాలు పట్టింది. 4,000 మీటర్ల రన్‌వే మీద దిగిన ఆ విమానం దాదాపు చివరికంటా వెళ్లి ఆగింది. 469 మందీ క్షేమం. బెంగళూరు రన్‌వేలు రెండూ అంతే పొడవు. బ్రేకుల మీద అనుమానం ఉంటే, దారిలో దగ్గరి చిన్న రన్‌వే కనిపిస్తున్నా నేను ఇక్కడికే వస్తాను.