ఆ ఒక్క వాక్యం రాయకపోతే ఎన్నేళ్ల జైలు?

కోర్టు తీర్పుల వార్తల చివర్లో ‘శిక్షలన్నీ ఏకకాలంలో అమలవుతాయి’ అని ఉంటుంది కదా, అది రాయకపోతే ఏమవుతుందని ఒక పాఠకుడు అడిగారు. లెక్కంతా మారిపోతుంది. మూడు, నాలుగు, ఐదేళ్ల శిక్షలు పడ్డ మనిషి ఐదేళ్లకు బయటికొస్తాడా, పన్నెండేళ్లకా అన్నది తేల్చేది ఆ వాక్యమే. మూడు పొయ్యిల మీద మూడు గిన్నెలు ఒకేసారి పెట్టడానికీ, ఒకే పొయ్యి మీద ఒకటి దించాక ఇంకోటి ఎక్కించడానికీ ఉన్నంత తేడా.

నేర విచారణ ఎలా సాగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ. దాని 31వ సెక్షన్ ప్రకారం జడ్జి ఏమీ చెప్పకపోతే శిక్షలు వరుసగానే నడవాలి. అయితే రెండు హద్దులున్నాయి. మొత్తం 14 ఏళ్లు దాటకూడదు. ఒక నేరానికి ఆ కోర్టు వేయగల శిక్షకు రెట్టింపూ దాటకూడదు. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఒక నేరానికి వేయగలిగేది 3 ఏళ్లే కాబట్టి, పది నేరాలు రుజువైనా 6 ఏళ్లతో సరి. మధ్యప్రదేశ్ కేసొకటి ఉంది: వరుస శిక్షలన్నీ కలిసి 20 ఏళ్లైతే, 2006లో సుప్రీంకోర్టు 14కి దించింది. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 25వ సెక్షన్ ఆ 14ని 20 చేసింది. పైగా నేర తీవ్రతను బట్టి ఏకకాలమా, వరుసా అన్నది కోర్టే చెప్పి తీరాలి. ఇది మంచి మార్పు.

అసలు చిక్కు వేరే చోటుంది. ఈ హద్దులన్నీ ఒకే విచారణలో పడ్డ శిక్షలకే! కేసులు విడివిడిగా నడిస్తే పాత 427, ఇప్పటి 467వ సెక్షన్ వర్తిస్తుంది. అక్కడ గరిష్ఠ పరిమితి లేదు, జడ్జి మౌనంగా ఉంటే వరుసే. ఉత్తరప్రదేశ్‌లో విద్యుత్ శాఖ సామగ్రి దొంగిలించిన ఒక వ్యక్తి తొమ్మిది కేసుల్లో నేరం ఒప్పుకున్నాడు. కేసుకు రెండేళ్లు. ఏకకాలమని ఎవరూ రాయలేదు కనుక జైలు అధికారులు తొమ్మిదిని రెండుతో గుణించారు: 18 ఏళ్లు! హైకోర్టూ కాదంది. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ శిక్షల్ని ఏకకాలం చేసి అతన్ని వదిలిపెట్టమంది. అదే తొమ్మిది దొంగతనాలూ ఒకే విచారణగా వచ్చి ఉంటే ఆ 14 ఏళ్ల హద్దు వర్తించేది. నేరాలు మారలేదు, ఫైళ్ల సంఖ్య మారింది. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది.

యావజ్జీవం సంగతి ఇంకో రకం. అమెరికాలోని ఓక్లహామా బాంబు దాడి కేసులో అక్కడి కోర్టు 2004లో ఒకే మనిషికి 161 యావజ్జీవాలు వరుసగా వేసింది. మన దగ్గర కుదరదు. యావజ్జీవమంటే ప్రాణం ఉన్నంతవరకు అని 1961లో, గాంధీ హత్య కేసు దోషి గోపాల్ గాడ్సే వేసిన కేసులోనే తేలింది. మొదటిది ముగిసేసరికి మనిషే ఉండడు, రెండోది మొదలయ్యేదెప్పుడు? 2016లో ముత్తురామలింగం కేసులో ఐదుగురు జడ్జిల ధర్మాసనం చెప్పింది ఇదే. పదేళ్ల శిక్ష ముందు అనుభవించి తర్వాత యావజ్జీవంలోకి వెళ్లొచ్చు గానీ, యావజ్జీవం తర్వాత పదేళ్లు అనడానికి లేదు.

జరిమానా కట్టనందుకు పడే జైలు మాత్రం ఏ శిక్షతోనూ కలిసి నడవదు. 2018లో సుప్రీంకోర్టు దాన్నీ స్పష్టం చేసింది. శిక్షలన్నీ ఏకకాలమే అయినా, జరిమానా బాకీ ఉంటే ఆ నెలలు చివర్లో విడిగా గడపాల్సిందే.