కప్పతల్లి మీద పోసిన నీళ్లు

వానలు మొహం చాటేసిన ఏడాది తెలంగాణ పల్లెల్లో పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి ఆట ఆడుతూ ఇంటింటికీ తిరుగుతారు. ప్రతి గడప దగ్గరా ఆ కప్ప మీద చెంబెడు నీళ్లు పోస్తారు. కప్ప చర్మం మీది సూక్ష్మజీవులను పరిశీలించే శాస్త్రవేత్తలు కూడా మొదట నీళ్లే పోస్తారు. ఒక్కో కప్పకు ఒక్కో కొత్త చేతితొడుగు వేసుకుని, శుద్ధి చేసిన నీటితో కడిగి, ఆ తర్వాతే దూదిపుల్లతో చర్మాన్ని రుద్ది నమూనా తీస్తారు. చెరువు నీటి నుంచో బురద నుంచో అప్పటికప్పుడు అంటుకున్నవి చాలావరకు ఆ కడుగుడుకే పోతాయి. మిగిలినవి ఆ చర్మం మీద కాపురం ఉంటున్నవి.

ఆ కాపురం ఎవరిదో చెరువు తేలుస్తుందా, కప్ప తేలుస్తుందా? హైదరాబాదు చెరువుల్లో నీటి మీద తేలియాడే కప్పలూ, గట్టున గరుకు చర్మంతో గెంతే గోదురుకప్పలూ ఒకే నీటిని పంచుకుంటాయి కనుక రెంటి మీదా ఒకే రకం బ్యాక్టీరియా ఉంటుందని మనం అనుకోవచ్చు. అయితే అమెరికాలో ఒకే కుంటలో బతికే ఉభయచరాలను పరిశీలించినప్పుడు ఒక్కో జాతి మీద ఒక్కో రకం సమూహం కనిపించింది. అంతకన్నా విచిత్రం ఏమిటంటే, చర్మం మీద దండిగా ఉన్న బ్యాక్టీరియా చుట్టూ ఉన్న నీటిలో బహు అరుదుగా ఉండటం. నీటిలో విత్తనాలు ఉన్నా, ఏది మొలవాలో నిర్ణయించడంలో చర్మానిదే పెద్ద పాత్ర అన్నమాట.

కప్ప చర్మంతోనే నీరు పీల్చుకుంటుంది, కొంత ఊపిరి కూడా తీసుకుంటుంది. అందుకే గ్రంథులు దానిని ఎప్పుడూ జిగురుతో తడిగా ఉంచుతాయి. ఆ జిగురు కొన్ని సూక్ష్మజీవులకు ఆహారం, మరికొన్నింటికి విషం. 1987లో మైకేల్ జాస్లాఫ్ అనే శాస్త్రవేత్త ఆఫ్రికా గోళ్లకప్ప చర్మం నుంచి సూక్ష్మజీవులను చంపే చిన్న ప్రోటీన్ ముక్కలను వేరుచేసి, హీబ్రూలో డాలు అనే అర్థమిచ్చే మాట నుంచి వాటికి మెగైనిన్లు అని పేరు పెట్టారు. ఇలాంటి పదార్థాల మిశ్రమం జాతికీ జాతికీ మారుతుంది. పైగా కప్ప తరచుగా పైపొరను కుబుసంలా విడిచి, పొదుపరి ఇల్లాలిలా దాన్ని తానే మింగేస్తుంది. ఆ పొరతోపాటు బ్యాక్టీరియా భారీగా తగ్గిపోయి, సమూహం మళ్లీ పెరగవలసి వస్తుంది. తోకకప్ప కప్పగా మారేటప్పుడు చర్మమే మారిపోతుంది కాబట్టి, దాని మీది సమూహమూ మారుతుంది. వాతావరణానికీ వాటా ఉంది: 205 ఉభయచర జాతులను పోల్చి 2019లో వెలువడిన పరిశోధన, చలికాలం బాగా చల్లగా ఉండే చోట్ల చర్మం మీది బ్యాక్టీరియా వైవిధ్యం ఎక్కువని తేల్చింది.

ఈ లెక్కలన్నిటికీ తొందర తెచ్చినది కప్పల ప్రాణాలు తీసే కైట్రిడ్ శిలీంధ్రం; దాన్ని 1999లో శాస్త్రీయంగా వర్ణించారు. అది చర్మాన్ని గట్టిపరిచే కెరటిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. తోకకప్పకు కెరటిన్ నోటి దగ్గరే ఉంటుంది కనుక అసలు ముప్పు పెద్దయ్యాకే. ఈ శిలీంధ్రాన్ని గుర్తించే పరీక్షను హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలూ రూపొందించారు. శిలీంధ్రాన్ని అణచే వయొలాసిన్ అనే ఊదారంగు పదార్థాన్ని తయారుచేసే ఒక బ్యాక్టీరియాను కాలిఫోర్నియా కొండల పసుపుకాళ్ల కప్పల మీద చేర్చినప్పుడు, ఆ శిలీంధ్రం నుంచి అవి బతికాయని 2009లో రుజువైంది. అదే బ్యాక్టీరియాను పనామా బంగారు కప్పల మీద వేస్తే, మొదట అంటుకున్నా కొన్నాళ్లకే దాని సంఖ్య పడిపోయింది. శిలీంధ్రం సోకిన ఆ కప్పలు చనిపోయాయి.