పాత మొబైల్ గేమ్ బంద్ అయ్యేముందు ఏం కనిపిస్తది: అపోహలు - వాస్తవాలు

దసరాకు నల్గొండ పోయిన. బస్సు దిగి క్లాక్ టవర్ కాడ చాయ్ తాగుతుంటే మా చిన్నాయన కొడుకు వచ్చి కూసున్నడు, ఎప్పుడొచ్చినవ్ అని కూడా అడగలే, ఫోన్ నా ముందట పెట్టి "అన్నా, గీ గేమ్ బంద్ అయితదంటున్నరు, నిజమా" అన్నడు. ఐదేండ్ల సంది ఆడుతున్నడు, ఇంటర్ల ఉన్నప్పుడు మొదలుపెట్టిండు, ఇప్పుడు మిర్యాలగూడల ఒక రైస్ మిల్లుల అకౌంట్స్ చూస్తున్నడు. ఇప్పటిదాంక దాంట్లె ఎంత పెట్టినవ్‌రా అంటే చెప్పలే, నవ్విండు.

నేను హైదరాబాద్‌ల మొబైల్ గేమ్స్‌కు లైవ్ ఆప్స్ చేస్త. అంటే గేమ్ రిలీజ్ అయినంక రోజూ దాన్ని నడిపే పని, ఏ ఈవెంట్ ఎప్పుడు రావాలె, ఏ ఆఫర్ ఎవరికి చూపియ్యాలె, ఏ లెవెల్ కాడ జనం ఇసుక్కొని ఫోన్ పక్కన పడేస్తున్నరు, ఇసొంటియి. రెండు గేమ్స్‌ను ఆఖరి దినం దాంక నడిపి నా చేతుల మీదనే బంద్ పెట్టినం, పేర్లు చెప్పను. తమ్మునికి ఆ పూట చెప్పిన ముచ్చట్లే ఇక్కడ రాస్తున్న, ఎందుకంటె వాడు విన్నయి అన్నీ అందరూ నమ్మేటియే, అండ్ల సగం ఉల్టా.

అపోహ: ఆఫర్లు ఎక్కువైనయ్ అంటే దుకాణం సర్దుకుంటున్నట్టే.

వాస్తవం: మా దిక్కు బత్తాయి తోటలున్నోళ్లకు ఇది జల్ది సమజైతది. పూత కోసం తోటకు కొన్ని దినాలు నీళ్లు బంద్ పెట్టి వాడగొడ్తరు, మళ్ల నీళ్లు ఇడవంగనే చెట్టు నిండ పూత. అది రైతు కావాలని చేసే పని. వేరు కుళ్లిన చెట్టు కూడా ఒక్కోసారి పొయ్యేముందు అట్లనే విరగబూస్తది. రోడ్డు మీదికెళ్లి చూస్తే రెండూ ఒక్క తీరే కనిపిస్తయ్. గేమ్‌ల 80 శాతం డిస్కౌంట్ కూడా అంతే, దాన్ని చూసి ఏం చెప్పలేం.

ఇంకో సంగతి, ఆఫర్లు అందరికీ ఒకటే రావు. ఒక నెల సంది ఏం కొనకపోతే నిన్ను వేరే గుంపుల ఏస్తం, నీకు చవక ప్యాకులు చూపిస్తం, నీ పక్కపొంటి కూసొని అదే గేమ్ ఆడే దోస్తుకు అవి కనిపియ్యవు. నీకు ఆఫర్లు పెరిగినయ్ అంటే గేమ్ పనయిపోయిందని కాదు, నువ్వు కొనుడు తగ్గించినవని మాకు తెలిసిందన్నట్టు.

మరి ఏ ఆఫర్ చూసి భయపడాలె అంటే, గేమ్ రేపటిని తినే ఆఫర్. ఇన్నేండ్లు ఎన్నడూ అమ్మనిది అమ్ముడు, మళ్ల రాదని చెప్పిన లిమిటెడ్ ఐటమ్ వాపస్ తెచ్చుడు, ఆరు నెలలు ఆడితే వచ్చే జెమ్స్ (గేమ్ లోపటి పైసలు) ఒక్క చిన్న ప్యాకుల పెట్టుడు. గేమ్ ఎకానమీ చూసే డిజైనర్ టీంల ఉంటే ఇసొంటి దానికి అస్సలు ఒప్పుకోడు, లొల్లి పెడ్తడు, నేను ఆ మీటింగుల్ల కూసున్న. లొల్లి పెట్టేటోడు లేడు అంటే అసలు ముచ్చట అక్కడుంది.

అపోహ: ప్రతి వారం ఈవెంట్ వస్తుంది కాబట్టి గేమ్‌కు ఢోకా లేదు.

వాస్తవం: దీని గురించి కొంచెం ఎక్కువ రాస్త, ఎందుకంటె జనం ఎక్కువ మోసపొయ్యేది ఇక్కడనే, మోసం చేసినోళ్లల్ల నేను కూడా ఉన్న.

నేను చేసిన రెండో గేమ్ మంచిగ నడిచినప్పుడు టీంల ముప్పై మంది దాంక ఉండె. ఆర్టిస్టులు, లెవెల్ డిజైనర్లు, సర్వర్ వాళ్లు, టెస్టింగ్ వాళ్లు. తర్వాత కంపెనీల కొత్త ప్రాజెక్ట్ మొదలైంది, ఒక్కొక్కల్ని అటు గుంజుకున్నరు, ఆఖరికి నేను, సర్వర్ చూసే ఒక అన్న, ఇద్దరం మిగిలినం. ఐనా ఆడేటోళ్లకు తేడా తెల్వలే. వారానికో టోర్నమెంట్, నెలకో పాస్ (పైసలు కట్టి తీసుకుంటే ఆ నెలంత బహుమతులు వచ్చేది), పండుగలకు స్పెషల్, అన్నీ టైముకే. ఎట్లంటె పోయిన ఏడాది క్యాలెండర్‌నే తేదీలు మార్చి మళ్ల ఎక్కిచ్చినం, ఒక్క పొద్దుల ఎక్సెల్ షీట్ ముందట పెట్టుకొని ఆరు నెలల ఈవెంట్లు షెడ్యూల్ చేసిన, ఇగ దానంతట అదే నడుస్తది, నేను లీవ్ పెట్టి ఇంటికి వచ్చినా నడుస్తది.

దీపావళి ఈవెంట్ వచ్చింది. బ్యానర్ మీద పోయిన సంవత్సరం నంబర్ అట్లనే ఉండిపోయింది. ఆడేటాయన ఒకాయన స్క్రీన్‌షాట్ కొట్టి సపోర్ట్‌కు పంపిండు, సార్ సంవత్సరం తప్పు పడ్డది అని, పాపం మర్యాదగనే. చూసిన. ఆ ఒక్క అంకె మార్చాలంటే ఆర్ట్ ఫైల్ తెరవాలె, తెరిచే ఆర్టిస్ట్ వేరే ప్రాజెక్ట్‌ల ఉన్నడు, వాళ్ల లీడ్‌ను అడుక్కోవాలె, మళ్ల టెస్టింగ్. "మీ సూచనను సంబంధిత టీంకు పంపినాము" అని రెడీగ ఉన్న రిప్లై కొట్టిన. సంబంధిత టీం అంటే నేనే. ఆయనకు తెల్వదు గని, గేమ్ పోతదనేదానికి ఆ స్క్రీన్‌షాట్‌ను మించిన సాక్ష్యం ఆ టైముకు ఎవ్వల దగ్గర లేకుండె.

అందుకే ఈవెంట్ వచ్చిందా అని చూడకుండ్రి, దాంట్ల కొత్తగ ఎవరైనా చెయ్యి పెట్టిన్రా అని చూడుండ్రి. కొత్త బొమ్మ గీసిన్రా, పాత దానికే రంగు మార్చిన్రా? అందరికీ కనిపిస్తున్న తప్పు ఎన్ని దినాలకు దిద్దిన్రు? హ్యాక్ కొట్టి ఆడేటోడు లీడర్‌బోర్డ్ మీద మొదటి నంబర్‌ల వారాల తరబడి కూసున్నడా? బతికున్న గేమ్‌ల కూడా బగ్స్ ఉంటయ్, మస్తు ఉంటయ్, గని ఒక్కటి ఇటు అటు అయితే రెండు రోజులకు మెయిన్‌టెనెన్స్ పెట్టి సరిజేసి, సారీ అని వంద జెమ్స్ ఇచ్చి, దాని మీద మళ్ల తిట్లు తిని, ఇట్ల ఏదో ఒక అలికిడి ఉంటది. తప్పుల మీద నిశ్శబ్దం వచ్చిందంటే మనుషులు లేచిపోయిన్రన్నట్టు. ఒక భాషల మెనూ ఉండి కొత్త ఈవెంట్ పేర్లు మాత్రం ఇంగ్లీష్‌ల వస్తున్నయ్ అనుకో, ట్రాన్స్‌లేషన్‌కు పైసలు ఇచ్చుడు ఆపిన్రు, అది కూడా పక్కా గుర్తే.

అపోహ: ప్లే స్టోర్‌ల అప్‌డేట్ వస్తుంది కదా.

వాస్తవం: దాంట్ల సగం గూగుల్ గుంజితే వచ్చేటియే. ఏటా కొత్త ఆండ్రాయిడ్ వర్షన్‌కు తగ్గట్టు యాప్‌ను మార్చాలని రూల్, మార్చకుంటే అప్‌డేట్ ఎక్కనియ్యరు, మరీ వెనకపడితే కొత్త ఫోన్ల వాళ్లకు స్టోర్‌ల యాపే కనిపియ్యదు. 2019 ఆగస్టుల 64 బిట్ రూల్ (యాప్ కొత్త రకం ప్రాసెసర్‌కు తగ్గట్టు ఉండాలని) వచ్చింది, 2025 నవంబర్‌ల 16 కేబీ పేజ్ సైజ్ (ఫోన్ మెమరీని పంచే ముక్క సైజ్) అని ఇంకోటి. ఆడేటోనికి వీటితోని ఏం ఫాయిదా కనిపియ్యదు, మాకు మాత్రం వారాల పని. పాత గేమ్స్ మస్తుగ చచ్చిపొయ్యేది ఈ గడప కాడనే, ఇంజిన్ పాతది, రాసినోడు ఎప్పుడో ఉద్యోగం మారిండు, మార్చే ఖర్చు ఏడాదికి వచ్చే ఆమ్దానీ కంటే ఎక్కువ, పోనీ ఇడిసిపెట్టు అంటరు. ఐఫోన్‌ల ఇదే తీరుగ 2017ల ఐఓఎస్ 11 వచ్చినప్పుడు పాత 32 బిట్ గేమ్స్ అన్నీ ఒక్కసారే తెరుచుకోకుంట అయిపోయినయ్.

ఉల్టా కూడా ఉంది. స్టోర్‌ల అప్‌డేట్ రాకున్నా సర్వర్ కెళ్లి కొత్త బొమ్మలు, లెవెల్స్, ఆఫర్లు పంపొచ్చు, మేం రోజూ చేసేది అదే. కాబట్టి స్టోర్ పేజీల తేదీ చూసి దిల్‌ఖుష్ కావద్దు, గాబరా కావద్దు.

అపోహ: పది కోట్ల డౌన్‌లోడ్లు, అసలు ఎట్ల బంద్ చేస్తరు?

వాస్తవం: ఆ నంబర్ తగ్గదు. 2018ల ఏసుకొని రెండు రోజులకు తీసేసినోడు కూడా అండ్ల ఇప్పటికీ ఉన్నడు. ఊరి ఓటర్ లిస్ట్ అనుకోండ్రి, వలస పోయినోళ్ల పేర్లు కొట్టెయ్యని లిస్ట్.

అపోహ: అవార్డు వచ్చింది, పెద్ద కంపెనీ, ఇప్పట్ల పోదు.

వాస్తవం: ఎపెక్స్ లెజెండ్స్ మొబైల్ సంగతి చూడుండ్రి. 2022 మే నెలల వచ్చింది, ఆ ఏడాది నవంబర్ చివర్ల ఆపిల్ వాళ్లు ఐఫోన్ గేమ్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చిన్రు, గూగుల్ ప్లే వాళ్లు కూడా ఉత్తమ గేమ్ అన్నరు, 2023 జనవరి 31న బంద్ అని ప్రకటన, మే 1న సర్వర్లు ఆపేసిన్రు. ఏడాది కూడా నిండలే. కాల్ ఆఫ్ డ్యూటీ వార్‌జోన్ మొబైల్ 2024 మార్చిల వచ్చి 2025 మే నెలల స్టోర్ల కెళ్లి పోయింది. పెద్ద కంపెనీకి ఓపిక తక్కువ ఉంటది, ఎందుకంటె టీంల ఉన్న వంద మందిని ఇంకో గేమ్ మీద పెడితే ఎంత వస్తదని లెక్క పక్కనే ఉంటది. లాభం వస్తున్నా సరే, "ఇంకా ఎక్కువ లాభం అక్కడుంది" అని మూసేసుడు నేను చూసిన. చిన్న గేమ్, నలుగురే టీం, రెండు మూడు వేల మంది పాత కస్టమర్లు నెల నెల కొంటున్నరు అనుకో, అది ఏండ్లకేండ్లు సప్పుడు లేకుంట నడుస్తది.

దీంతోనే ఇంకో అపోహ పోతది, పాతదైతే పోతదని. క్లాష్ ఆఫ్ క్లాన్స్, క్యాండీ క్రష్ రెండూ 2012వి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి ఏడు వందల ఏండ్లంటరు, చెదలు పట్టి 2018ల దానికి సెలైన్ బాటిళ్లు కట్టిన్రు, అప్పుడు అందరం ఇగ అయిపాయె అనుకున్నం. వయసుది ఏం లేదు, చూసుకునే మనిషి ఉండాలె.

రెండు సర్వర్ల ఆడేటోళ్లను ఒక్క సర్వర్‌లకు కలిపితే (దీన్నే సర్వర్ మెర్జ్ అంటరు) గేమ్ అయిపోయినట్టే అనేది కూడా తప్పు. యుద్ధం గేమ్స్‌ల ఏడాదికోసారి కలుపుతనే ఉంటరు, మ్యాచ్‌కు ఎదురు మనిషి దొరకాలె కదా. నెల నెల కలిపితే అప్పుడు చూసుకో.

అపోహ: కొత్త కంటెంట్ ఆపిన్రంటే వచ్చే నెల సర్వర్లు పోతయ్.

వాస్తవం: మారియో కార్ట్ టూర్‌ల 2023 అక్టోబర్ నుంచి కొత్త ట్రాకులు, కొత్త డ్రైవర్లు రావు అని చెప్పేసిన్రు, ఆ తర్వాత కూడా పాతయి తిప్పుకుంట గేమ్ నడిచింది. డ్రాగాలియా లాస్ట్ బంద్ అయితదని 2022 మార్చిల చెప్పిన్రు, కథ పూర్తి చేసి నవంబర్ 30న మూసిన్రు. యానిమల్ క్రాసింగ్ పాకెట్ క్యాంప్ 2024 నవంబర్‌ల ఆన్‌లైన్ బంద్ పెట్టి, డిసెంబర్‌ల ఒక్కసారి పైసలు కట్టి ఆఫ్‌లైన్‌ల ఆడుకునే వర్షన్ ఇచ్చిన్రు. అట్ల సాగనంపుడు చాలా తక్కువ జరుగుతది, పని కూడా మస్తుంటది, మేం రెండుసార్లల్ల ఒక్కసారి కూడా చెయ్యలే.

ఇగ మన దేశంల వేరే రకం ఉంది, సర్కార్ బంద్ పెట్టుడు, దానికి ఏ గుర్తూ ఉండదు. పబ్జీ మొబైల్ 2020 సెప్టెంబర్ 2న బ్యాన్ అయినప్పుడు మంచి ఊపు మీద ఉండె. దాని బదులు మన దేశం కోసం తెచ్చిన బీజీఎంఐ 2022 జూలైల స్టోర్ల కెళ్లి పోయింది, ఫోన్‌ల ఉన్నోళ్లు ఆ తర్వాత కూడా ఆడిన్రు, 2023 మే నెలల మళ్లొచ్చింది. స్టోర్‌ల కనిపియ్యకపోతే చచ్చినట్టే అనేటోళ్లకు ఇది చెప్పాలె.

అసలైన ఆఖరి గుర్తు ఏందంటె కొనుడు బటన్ పోవుడు. మేం నోటీస్ పెట్టిన గంటలనే పైసలతోని కొనేటియి ఆపేస్తం, ఎపెక్స్ మొబైల్‌ల కూడా ప్రకటన రోజే ఆపిన్రు. అప్పటికే కొన్న జెమ్స్‌కు మన దగ్గర వాపస్ వస్తదని ఆశ పెట్టుకోవద్దు, జపాన్‌ల వాడకుండ మిగిలిన పైసల జెమ్స్‌కు వాపస్ ఇయ్యాలని చట్టం ఉంది గని, గేమ్ ఆడేటప్పుడు నియమాల కింద మనం ఒప్పుకుంటున్న అని ఒత్తింది "ఇది మీ సొంతం కాదు, వాడుకునే హక్కు మాత్రమే" అనే దానికి. ఇంకోటి, నెల నెల పైసలు కట్ అయ్యే సబ్‌స్క్రిప్షన్ ఉంటే యాప్ డిలీట్ చేస్తే పోదు, ప్లే స్టోర్‌ల సబ్‌స్క్రిప్షన్స్‌లకు పోయి క్యాన్సిల్ కొట్టాలె. మా గేమ్ బంద్ అయ్యేటప్పుడు దీని మీదనే వందల ఫిర్యాదు టికెట్లు వచ్చినయ్.

తమ్ముడు ఇదంత విని, "సరే అన్నా, నాదాన్ని చూడు మరి" అన్నడు. ఇంకో చాయ్ చెప్పి ఫోన్ తీసుకున్న. ఆఫర్లు మస్తున్నయ్, కింద ఒక సర్వర్ మెర్జ్ నోటీస్, స్టోర్‌ల నాలుగు నెలల కింది అప్‌డేట్. వాని మొఖం వాడిపోయింది. దసరా ఈవెంట్ తెరిచిన, కొత్త బొమ్మనే, జమ్మి చెట్టు గీసిన్రు, ఆకులు తప్పు, వేప లెక్క ఉన్నయ్. నోటీస్ బోర్డ్‌ల చూస్తే మూడు రోజుల కింద ఎవరో రాసిన్రు, "జమ్మి చెట్టు బొమ్మ తప్పు పడ్డది, సరిజేస్తున్నం, క్షమించాలె" అని. చాయ్ తాగుడు అయ్యేలోపట రీస్టార్ట్ అడిగింది, మళ్ల తెరిస్తే ఆకులు మారినయ్.

"ఇంకా ఉన్నర్‌రా లోపట" అన్న.

"అయితే పాస్ కొంట, ఒక మూడు వందలు కొట్టన్నా ఫోన్‌పే" అన్నడు.