విప్పిన చోటే తెరుచుకునే పుస్తకం

“కళ్లజోడు పోవడానికి లేసిక్ అనే లేజర్ ఆపరేషన్ చేయించుకుని చాలా ఏళ్లయింది. ఇప్పుడు చూపు నరాన్ని దెబ్బతీసే గ్లకోమాకి ఆపరేషన్ చేయాలంటున్నారు. ఆ పాత లేజర్ సంగతి డాక్టరుకి చెప్పాలా?” అని ఒక పాఠకుడు అడిగారు. చెప్పాలి. అన్నిటికంటే ముందు అదే చెప్పాలి.

బళ్లో మాకు కంటి బొమ్మ గీసి, ముందున్న కార్నియాకి బాణం గుర్తు పెట్టి, “ఇది అద్దంలాంటిది” అని వదిలేశారు. అద్దం కాదండీ, అది పుస్తకం! అర మిల్లీమీటరు మందంలో రెండు వందలకు పైగా కొల్లాజెన్ పొరలు గట్టిగా అతుక్కుని ఉంటాయి. లేసిక్‌లో పైనుంచి దాదాపు 100 నుంచి 160 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోతున ఈ పుస్తకాన్ని ఒక పేజీ దగ్గర విప్పుతారు. లోపల లేజర్‌తో చెక్కి మళ్లీ మూసేస్తారు. కుట్లుండవు. అంచులు మచ్చకట్టి అతుక్కుంటాయి గానీ, మధ్యలో మాత్రం ఎన్నేళ్లయినా పాత పట్టు రాదు.

లావుపాటి పుస్తకాన్ని ఒకసారి నొక్కి విప్పితే, తర్వాత ఎప్పుడు తీసినా ఆ పేజీ దగ్గరే తెరుచుకుంటుంది. దుమ్ము పడినా అక్కడే, చెమ్మ చేరినా అక్కడే.

ముందు దుమ్ము సంగతి. కార్నియాలో రక్తనాళాలు లేవు. తెల్లరక్తకణాలు రావాలంటే నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచు నుంచి రావాలి. గ్లకోమా ఆపరేషన్‌లో కంట్లోని నీరు బయటికి పోవడానికి దారి చేసేది చాలావరకు ఆ అంచు దగ్గరే. అక్కడ కాస్త వాపు రేగితే చాలు, కణాలు పాత పేజీలోకి జొరబడి పరుచుకుంటాయి. సూక్ష్మజీవితో పనిలేదు. దీని పేరు డిఫ్యూజ్ లామెల్లార్ కెరటైటిస్. మామూలుగా లేసిక్ అయిన మొదటి రోజుల్లో వచ్చే జబ్బే, కానీ ఏళ్ల తర్వాత కూడా రాగలదు. పరీక్షలో సన్నని ఇసుక తిన్నెల్లా కనిపిస్తుందని డాక్టర్లు ‘సహారా ఇసుక’ అని ముద్దుపేరు పెట్టారు. ముద్దుపేరే గానీ, ముదిరితే పొరలు కరిగి మచ్చ మిగులుతుంది. వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు తరచుగా వేయాలి. తగ్గకపోతే పేజీ ఎత్తి కడగాలి.

ఇక చెమ్మ. నాకు అన్నిటికంటే వింతగా అనిపించేది ఇదే. కొందరికి స్టెరాయిడ్ చుక్కలతోనే కంటి ప్రెషర్ పెరుగుతుంది. పెరిగిన ప్రెషర్ నీటిని కార్నియాలోకి నెడితే, ఆ నీరు చేరేదీ అదే పేజీలో. మొదట్లో చూడ్డానికి అచ్చం వాపులాగే మసకగా ఉంటుంది. వాపే అనుకుని స్టెరాయిడ్ పెంచితే ప్రెషర్ ఇంకా పెరుగుతుంది. మరి కొలిస్తే తెలియదా? ప్రెషర్ కొలిచే పరికరం కార్నియా మధ్యలో నొక్కి చూస్తుంది. కింద నీటి పరుపు ఉంటే అది నొక్కేది పరుపునే. లోపల ప్రెషర్ మండిపోతున్నా అంకె తక్కువే చూపిస్తుంది. లేజర్‌తో పలచబడ్డ కార్నియా మీద మామూలుగానే తక్కువ చూపిస్తుంది, దానికి ఇదొకటి తోడు! అందుకే పేజీ హద్దు దాటి అంచు దగ్గర కొలవాలి. కంటి పొరలను కోసినట్టు చూపించే ఓసీటీ స్కాన్‌లో నీటి పొర సన్నని చీలికలా కనిపిస్తుంది. అప్పుడు వైద్యం పూర్తిగా తిరగబడుతుంది: స్టెరాయిడ్ తగ్గించాలి, ప్రెషర్ దించాలి.

లేసిక్‌కి ముందు కార్నియా మందం, ప్రెషర్ రాసిన కాగితాలు ఉంటే తీసుకెళ్లండి. ఆపరేషన్ తర్వాత చుక్కలు వేస్తున్నా చూపు మసకబారుతుంటే చుక్కలు మీ అంతట మీరు పెంచొద్దు, మానొద్దు. వెంటనే చూపించుకుని, ప్రెషర్ అంచు దగ్గర కూడా కొలిచారా అని అడగండి.