500 మీటర్లు ఒకసారా, రెండుసార్లా: ఒక స్కేటింగ్ నియమం వెనుక కథ

మంచు ఎరగని గోదావరి డెల్టాలో శీతాకాల ఒలింపిక్స్‌ను తెర మీద చూడవలసిందే. చక్రాల స్కేట్లు కట్టుకుని తిరిగే కాకినాడ, భీమవరం పిల్లలకు అందులో స్పీడ్ స్కేటింగ్ కొంత పరిచితంగానే కనిపిస్తుంది గాని, పందెం నడిచే తీరు మాత్రం వింతగా తోస్తుంది. 400 మీటర్ల చుట్టుబాటపై విడతకు ఇద్దరే బయలుదేరుతారు; పక్కవాడిని ఓడించినంత మాత్రాన పతకం ఖాయం కాదు, అందరి సమయాలూ సరిచూశాకే విజేత ఎవరో తేలుతుంది.

ఈ జంట పద్ధతి యూరపులో స్థిరపడినది. అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య 1892లో నెదర్లాండ్స్‌లోని స్కెవెనింగెన్‌లో ఏర్పడింది. (పదిహేడో శతాబ్దంలో పాలకొల్లులోనూ, ఆ తరువాత కాకినాడ జగన్నాథపురంలోనూ వర్తక స్థావరాలు పెట్టిన డచ్చివారి దేశమే అది, ఇక్కడి నీళ్లు గడ్డకట్టవు కనుక వారి ఆట మాత్రం మనకు దిగుమతి కాలేదు.) 1924లో షామొనీలో తొలి శీతాకాల ఒలింపిక్స్ మొదటి స్వర్ణం 500 మీటర్ల స్కేటింగ్‌లో అమెరికాకు చెందిన చార్లెస్ జూట్రాకు దక్కింది. 1932లో లేక్ ప్లాసిడ్‌లో ఆతిథ్య దేశం తన అలవాటు ప్రకారం అందరినీ గుంపుగా పరుగెత్తించగా, ఫిన్లాండ్ దిగ్గజం క్లాస్ థున్‌బెర్గ్ అసలు వెళ్లనేలేదు, నాలుగు స్వర్ణాలూ అమెరికన్లకే పోయాయి. తరువాతి ఒలింపిక్స్‌కు మళ్లీ జంటలే వచ్చాయి.

జంట పద్ధతిలోనూ ఒక చిక్కు దాగి ఉంది. లోపలి వరుస పొట్టిది కాబట్టి ప్రతి చుట్టులోనూ ఇద్దరూ వరుసలు మార్చుకుంటారు. అందువల్ల దూరం సమానమవుతుంది. అయితే 500 మీటర్లలో ఉన్న వంపులు రెండే, రెండో వంపుకు చేరేసరికి వేగం పతాక స్థాయిలో ఉంటుంది. అప్పుడు లోపలి బిగువైన వంపు దక్కినవాడు నిలదొక్కుకోవడానికి వేగం కొంత వదులుకోవలసి వస్తుంది. ఈ నష్టం సగటున సెకనులో ఇరవయ్యో వంతు దాకా ఉంటుందని నార్వే గణాంక శాస్త్రవేత్త నిల్స్ లిడ్ యోర్ట్ 1990లలో లెక్కగట్టి చూపారు. దాంతో 1998 నగానో ఒలింపిక్స్ నుంచి 500 మీటర్లను వరుసలు మార్చి రెండుసార్లు పరుగెత్తించి, రెండు సమయాలనూ కలిపి ఫలితం ప్రకటించసాగారు. దాళ్వాలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు వంతులవారీగా కాలువ వదిలే ఏర్పాటు లాంటిదే ఇది.

ఆ జాగ్రత్త అతి అనిపించవచ్చు గాని, 2014లో సోచిలో మిషెల్ ముల్డర్‌కు స్వర్ణం, యాన్ స్మేకెన్స్‌కు రజతం తెచ్చిన తేడా రెండు పరుగులూ కలిపి 0.012 సెకను మాత్రమే. ముల్డర్ చక్రాల స్కేటింగ్‌లోనూ ప్రపంచ విజేత కావడం మన పిల్లలకు ఆసక్తి కలిగించే విషయం.

అయినా 2018 ప్యాంగ్‌చాంగ్‌లో 500 మీటర్లను తిరిగి ఒకే పరుగుకు కుదించారు. ఒక్క పరుగులో తేలిపోయే పోటీ ప్రేక్షకుడికి రక్తి కట్టవచ్చు, కాని క్రీడాకారుడి పక్షాన చూస్తే ఇది వెనకడుగేనని చెప్పాలి. అదే ఒలింపిక్స్‌లో, 86 ఏళ్ల క్రితం థున్‌బెర్గ్ కాదన్న గుంపు పరుగు కూడా మాస్ స్టార్ట్ పేరుతో పతకాల పోటీగా తిరిగి వచ్చింది.