తారు మీద కాంక్రీటు: పగులు లెక్క ఎక్కడి నుంచి వచ్చింది

నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లోని వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు లారీలు తిరిగే సీసీ రోడ్లను వాన వెలిసిన గంటకు చూడండి. పలక ఆరిపోయి ఉంటుంది, పగులు ఉన్నచోట మాత్రం సన్నని తడి గీత నల్లగా కనిపిస్తుంది. మూలన ఉంటే మరీ చూడాలి. లారీ ఎక్కగానే ఆ ముక్క కదిలి బురద నీళ్లు చిమ్మిందంటే కింద ఖాళీ పడినట్టే. అది ఒక్క బండి చేసిన పని కాదు. వేలసార్లు కొద్దికొద్దిగా వంగి కాంక్రీటు అలసిపోయింది.

ఈ అలసటను లోతుగా పట్టి చూసినవాళ్లలో రైళ్ల వాళ్లున్నారు. 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన ఆగస్ట్ వోలర్, ఒక్క దెబ్బకు విరగని ఇరుసు కూడా తక్కువ బరువుతోనే పదేపదే తిరిగితే విరుగుతుందని చూపించాడు. 1926లో వెస్టర్‌గార్డ్ అనే ఇంజినీర్ కాంక్రీటు పలక మధ్యన, అంచున, మూలన చక్రం నిలిస్తే ఎంత ఒత్తిడి పుడుతుందో సూత్రాలు ఇచ్చాడు. 1945లో మైనర్ అనే ఇంజినీర్ చెప్పింది ఇంకా తేలిక: ప్రతి బరువూ ఆయుష్షులో కొంత వాటా తింటుంది, వాటాలన్నీ కలిసి ఒకటైతే ఆయుష్షు తీరినట్టు.

కాంక్రీటు రోడ్డు మందం తేల్చడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన మన ఐఆర్‌సీ 58 కూడా ఈ దారిలోనే లెక్క వేస్తుంది. కాంక్రీటు వంపు బలంలో (వంచితే విరగకుండా తట్టుకునే బలం) 0.55 వంతు ఒత్తిడి పడితే సుమారు 1.24 లక్షల సార్లు తట్టుకుంటుంది. అదే 0.65 అయితే దాదాపు 7,700 సార్లే. ఓవర్‌లోడ్ గురించి ఇంత టెన్షన్ ఎందుకో ఈ రెండు అంకెలే చెబుతాయి. 2018లో నాలుగు టైర్ల ఇరుసు పరిమితిని 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచారు. పాత బరువులు పట్టుకుని మందం తేల్చిన ప్రతి రోడ్డునూ మళ్లీ లెక్క చూడాలని నా గట్టి అభిప్రాయం.

పాత తారు రోడ్డు మీద కాంక్రీటు పరవడాన్ని వైట్‌టాపింగ్ అంటారు. అమెరికాలో 1918 నాటికే ఉంది. 1991లో లూయిస్‌విల్‌లో చెత్త లారీలు నడిచే దారిలో చాలా పలుచగా వేసి చూశారు. మన దగ్గర వైట్‌టాపింగ్‌కు మార్గదర్శకం ఐఆర్‌సీ ఎస్పీ 76 వచ్చింది 2008లో. పలుచటి పొర నిలబడేది కింది తారును గట్టిగా పట్టుకున్నప్పుడే. రెండూ ఒక్కటై వంగితే కాంక్రీటు అడుగున లాగుడు తగ్గుతుంది. ఆ పట్టు వదిలిన రోజు, రెండూ ఒకటేననుకుని వేసిన లెక్క పనికిరాదు.

నల్లగొండ ఎండకు పగలు పలక పైభాగం వేడెక్కి మధ్యలో ఉబ్బుతుంది, రాత్రి చల్లబడి అంచులు లేస్తాయి. పట్టు ముందు వదిలేది ఆ అంచుల దగ్గరే. తర్వాత వాన నీళ్లు దిగి తారును తినేస్తాయి. అందుకే కాంక్రీటు పోయకముందే పాత తారును కోర్ (గొట్టంలా కోసి తీసిన ముక్క) తీసి చూడాలి. నాలుగు చోట్ల తీసినా చాలు, లోపల పొర గట్టిగా ఉందో పొడిగా రాలుతోందో చేతికే తెలిసిపోతుంది.

కాంక్రీటును పలకలుగా విడదీసే జాయింటు కోత కూడా అంతే ముఖ్యం. మిన్నెసోటాలోని పరీక్ష రోడ్డు మీద 1.2 మీటర్ల పలకలు వేస్తే కోత సరిగ్గా చక్రాల దారిలో పడింది, మూలలు విరిగాయి. 1.8 మీటర్లకు కోస్తే గీత రెండు చక్రాల మధ్యకు జరుగుతుంది. కట్టర్ దింపే ముందు టేపు పట్టి చూసుకోవాల్సింది ఇదే.